తొట్టిలోంచి విషం తీసేశాక

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ మూడు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ప్లేటింగ్, అంటే కరెంటుతో లోహపు పూత వేసే పని, అనగానే ముందు వరసలో కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడరు, పొగలొస్తాయని అలవాటు కాబోలు.

మన వృత్తిని చూసే అన్నారేమో అనిపించే సామెత ఒకటుంది: పైన పటారం, లోన లొటారం. నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఆ పటారం పనే. నాకేం సిగ్గు లేదు. ఆ పటారం మందమెంతో ఎప్పుడైనా కొలిచారా? కుళాయి మీద తళతళలాడే క్రోమియం అర మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద నికెల్ ఓ పదో ఇరవయ్యో మైక్రాన్లు. తల వెంట్రుక డెబ్భై మైక్రాన్లు అనుకుంటే, ఆ మెరుపు వెంట్రుకలో నూట నలభయ్యో వంతు. ఆ మాత్రం పొర కోసం రెక్టిఫైయర్లు, తొట్లు, ఆమ్లాలు, మనమూ.

ఇవాళ నన్ను కొత్త పరిశోధనల గురించి మాట్లాడమన్నారు. కొత్తవి అంటే ఏం చెప్పాలి? నేను చదివే పత్రాల్లో చాలావాటి సారాంశం ఒకటే: తొట్టిలోంచి ఏదో ఒకటి తీసేయడం. హెక్సావాలెంట్ క్రోమియం, అంటే ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న విషపు క్రోమియం, తీసేయాలి. సైనైడ్ తీసేయాలి. కాడ్మియం, సీసం, ఆ ఫ్లోరిన్ మందులు తీసేయాలి. తీసేయాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. కానీ తీసేశాకగానీ తెలియదు, అది అక్కడ కూర్చుని ఎన్ని పనులు చేసిపెట్టేదో. జీతం లేకుండా చేసేది, మనం గమనించలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఉదాహరణలు.

ఇదిగో, రెండు రేకులు పంపిస్తున్నాను. ఒకదాని వెనక 'అ' అని, ఇంకోదాని వెనక 'ఆ' అని గీసి ఉంది. అంచులు పట్టుకుని చూడండి, మధ్యలో వేలు పెట్టకండి. రెండూ క్రోమియమే. ఒకటి హెక్సా తొట్టిలోది, ఇంకోటి మూడే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ట్రైవాలెంట్ తొట్టిలోది. ఏది ఏదో మనసులో అనుకోండి, తర్వాత అడుగుతాను.

ముందు హెక్సా సంగతి. సార్జెంట్ పేరుతో చలామణీ అయ్యే బాత్, అంటే తొట్టిలోని ద్రావణం, మీకందరికీ తెలుసు. లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, రెండున్నర గ్రాముల సల్ఫేట్. నూటికి ఒకటి. కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్ వాళ్ళు 1920ల్లో దాన్ని ఫ్యాక్టరీకి పనికొచ్చేలా నిలబెట్టారు. వందేళ్ళయింది. ఇప్పటికీ ఎన్నో తొట్లలో అదే వంట.

ఆ వంట ఎంత దండగో లెక్క చూద్దామా? కరెంటు ఎంతో లోహం అంతే దిగుతుందనే ఫారడే లెక్క ప్రకారం ఒక ఆంపియర్ గంట కరెంటుకు నికెల్ దాదాపు 1.1 గ్రాములు దిగాలి. హెక్సా బాత్‌లో క్రోమియం దిగేది 0.32 గ్రాములే. ఎందుకని? ఒక్కో పరమాణువుకు ఆరు ఎలక్ట్రాన్లు పొయ్యాలి. పోనీ అదైనా మొత్తం వస్తుందా? సామర్థ్యం 10 నుంచి 20 శాతం. మధ్యస్తంగా 15 వేసుకోండి. 0.05 గ్రాములు! మిగతా కరెంటులో ఎక్కువ భాగం హైడ్రోజన్ బుడగలైపోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలి, క్రోమిక్ ఆమ్లాన్ని తుంపరలుగా గాలిలోకి ఎగజిమ్ముతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కథ అక్కడ మొదలు. తొట్టి దగ్గర పాతికేళ్ళు నిలబడ్డవాళ్ళ ముక్కులో మధ్య గోడకు చిల్లు పడటం నేను కళ్ళారా చూశాను. అమెరికాలో 2006 నుంచి కార్మికుడు పీల్చే గాలికి పెట్టిన పరిమితి, ఎనిమిది గంటల సగటు మీద, ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు కాదు, మైక్రోగ్రాములు.

ఇంత దండగమారి, ఇంత ప్రాణాంతకమైన బాత్‌ను వందేళ్ళు ఎందుకు భరించాం? మనమేం తెలివితక్కువవాళ్ళమా? కాదు. అది చేసిన పనులు చూడండి. ఇనుము, రాగి, జింకు లీటరుకు గ్రాముల్లో కలిసినా ఎలాగో నడుస్తుంది. క్రోమిక్ ఆమ్లం బలమైన ఆక్సీకారిణి కాబట్టి వస్తువు మీద మిగిలిన కాస్త మురికిని అదే కాల్చేస్తుంది. కరెంటు అందని మూలల్లో, గొట్టాల లోపల పూత పడదు సరే, అయినా అక్కడి లోహాన్ని నిష్క్రియం చేసి తొందరగా తుప్పు పట్టకుండా చూస్తుంది. కట్టిన పొర 800 నుంచి 1000 వికర్స్ గట్టిదనం. మందం ఎంతకైనా పోవచ్చు, ఓపికుంటే పావు మిల్లీమీటరు దాకా. ఇన్ని పనులు ఒకే పొడి డబ్బాలోంచి. ఇప్పుడు ఆ డబ్బా తీసేయమన్నారు.

యూరప్‌లో క్రోమియం ట్రైఆక్సైడ్‌కు 2017 సెప్టెంబర్ 21తో గడువు అయిపోయింది. ఆ తర్వాత వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. కాలిఫోర్నియా 2023లో ఇంకో మెట్టెక్కింది: అలంకార క్రోమియానికి హెక్సా 2027 నుంచి వద్దు, కొన్ని షరతులకు ఒప్పుకున్నవాళ్ళకు 2030 దాకా, యంత్రభాగాల మీద మందంగా వేసే హార్డ్ క్రోమ్‌కు 2039. రెండు తేదీల మధ్య ఆ పన్నెండేళ్ళ తేడా ఎందుకు? దయతో ఇచ్చింది కాదు. అలంకారానికి ప్రత్యామ్నాయం చేతిలో ఉంది. హార్డ్ క్రోమ్‌కు సగమే ఉంది.

ఆ ప్రత్యామ్నాయమే ట్రైవాలెంట్. మూడే ఎలక్ట్రాన్లు, కాబట్టి కరెంటు లెక్క సగానికి సగం తగ్గాలి. కాగితం మీద ఎంత బాగుందో! కానీ నీళ్ళలో ఆ క్రోమియం అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు పట్టుకుని కూర్చుంటాయి. ఒక పట్టాన వదలవు. వాటిని వదిలించడానికి ఫార్మేట్ లాంటి సంక్లిష్టకారులు వెయ్యాలి. అవి వేస్తే కార్బన్ కాస్త పొరలో కలుస్తుంది. కేథోడ్, అంటే పూత పడే వస్తువు, దగ్గర హైడ్రోజన్ పోతుంటే అక్కడి పీహెచ్ పెరుగుతుంది. పెరిగితే క్రోమియం అయాన్లు ఒకదానికొకటి హైడ్రాక్సిల్ వంతెనలు కట్టుకుని గొలుసులైపోతాయి, ఇక లోహంగా దిగనంటాయి. పొర మందమయ్యేకొద్దీ వేగం పడిపోయేది అందుకే. హార్డ్ క్రోమ్ పరిశోధన అంతా ఈ వంతెనల మీద యుద్ధమే.

ఇక్కడ నాకు భలే ఇష్టమైన విషయం ఒకటుంది, యానోడ్ సంగతి. హెక్సా తొట్టిలో పాజిటివ్ ధ్రువంగా సీసం యానోడ్ పెడతాం కదా. దాని మీద ఏర్పడే లెడ్ డయాక్సైడ్ ఏం చేస్తుంది? తొట్టిలో పోగయ్యే ట్రైవాలెంట్‌ను మళ్ళీ హెక్సాగా మారుస్తుంది. మంచి పనే. అదే యానోడ్‌ను ట్రై తొట్టిలో పెడితే? అదే పని చేస్తుంది! ఇప్పుడదే కొంప ముంచే పని. మనం బయటికి గెంటిన హెక్సా మన తొట్టిలోనే పుడుతుంది. అందుకే టైటానియం మీద మిశ్రమ ఆక్సైడ్లు పూసిన యానోడ్లు కావాల్సి వచ్చాయి. ఇంకోటి, ట్రై తొట్టికి మలినాలు అస్సలు గిట్టవు. రాగి, జింకు లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు చేరినా పూత మీద చారలొస్తాయి. కాబట్టి ఆ మలినాలను పట్టేసే అయాన్ మార్పిడి రెజిన్ కాలమ్ పక్కన పెట్టాలి. ఒక డబ్బా పొడి పోయింది. దాని బదులు సంక్లిష్టకారి, పీహెచ్ నిలిపే బఫరు, కొత్త యానోడ్, రెజిన్ కాలమ్, పొరబాటు పడని కెమిస్టు వచ్చారు. ఆఖరువాడు దొరకడమే కష్టం.

రేకులు ఎందాకా వచ్చాయి? నాలుగో వరసా? సరే. 'అ' హెక్సా అనుకున్నవాళ్ళు చేతులెత్తండి. ఊఁ. 'ఆ' అనుకున్నవాళ్ళు? దాదాపు సగం సగం. 'ఆ' హెక్సా. కొంచెం నీలం పోసిన తెలుపు. 'అ'లో ఒక్క రవ్వ ముదురు కనిపిస్తుంది, రెండూ పక్కపక్కన పెడితేనే. అదీ క్లోరైడ్ బాత్ కాబట్టి. సల్ఫేట్ ట్రై బాత్ రేకు తెచ్చుంటే ఇంకా తికమక పడేవాళ్ళు. ఒకే కారుకు ముందు అలంకారం ఒక షాపులో, తలుపు పిడి ఇంకో షాపులో చేయించినప్పుడు మాత్రం ఆ రవ్వ తేడా మీద నెలల తరబడి ఉత్తరాలు నడుస్తాయి.

తుంపరల మాట అన్నాను కదా. వాటిని అణచడానికి పాత రోజుల్లో తొట్టి మీద చారెడు మందు వేసేవాళ్ళం, పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ సబ్బు. ఎందుకది? క్రోమిక్ ఆమ్లంలో మామూలు సబ్బు ఏదీ బతకదు, కాలిపోతుంది. కార్బన్, ఫ్లోరిన్ బంధమే తట్టుకుంటుంది. ఏ గుణం వల్ల అది తొట్టిలో బతికిందో, ఆ గుణం వల్లే నదిలోనూ బతుకుతుంది, రక్తంలోనూ బతుకుతుంది. 2009లో, ఎక్కడా నశించని విషాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కింది. దాని బదులు వచ్చిన మందు కూడా చాలాచోట్ల అదే ఫ్లోరిన్ కుటుంబంలోది. చిన్న తమ్ముణ్ణి తెచ్చి పెద్దన్న కుర్చీలో కూర్చోబెట్టాం.

హైడ్రోజన్ తుంపరలు రేపి ఊరుకోదు, ఉక్కులోకి దూరుతుంది కూడా. నా కుర్రతనంలో జరిగింది చెబుతాను. 12.9 గ్రేడు బోల్టులు, అంటే 1200 మెగాపాస్కళ్ళు దాటిన ఉక్కు. జింకు పూత. శనివారం సాయంత్రం తొట్టిలోంచి తీశాం. దూరిన హైడ్రోజన్ పోవాలంటే వెంటనే కాల్చాలి, కానీ ఓవెన్‌లో మరో సరుకు ఉంది. సోమవారం కాలుద్దాంలే అన్నాను. అన్నది నేనే, ఇంకెవరినీ అనక్కర్లేదు. సోమవారం కాల్చాం కూడా. బిగించిన రోజు అన్నీ బాగున్నాయి. మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళ్తే నేల మీద బోల్టు తలలు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ కొట్టలేదు. రాత్రికి రాత్రి వాటంతటవే తెగిపోయాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే తెగిన చోట సాగిన ఆనవాలే లేదు, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. నాలుగు గంటల్లోపు 190 డిగ్రీల పైన ఓవెన్‌లోకి వెళ్ళాలి అని ప్రమాణాల్లో రాసి ఉంటుంది. ఆ నాలుగు గంటలు ఎందుకో ఆ పొద్దున తెలిసింది. హైడ్రోజన్ ఉక్కులోంచి మెల్లిగా బయటికి రాగలదు, కానీ ఈలోపే పగుళ్ళకు బీజం పడితే తర్వాత ఎంత కాల్చినా పగులు మూసుకోదు.

అందుకే విమానాల ల్యాండింగ్ గేర్ మీద హార్డ్ క్రోమ్ బదులు టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని ధ్వని వేగాన్ని మించి చిమ్మి అతికించే పద్ధతి వచ్చింది, హెచ్‌వీఓఎఫ్. అమెరికా రక్షణ శాఖ 1990ల చివర్లో దీన్ని పట్టుకుని పరీక్షలు నడిపించింది. తొట్టి లేదు, హైడ్రోజన్ లేదు, అరుగుదల కూడా తక్కువ. మరి పీడ విరగడైనట్టేనా? పొడి చిమ్మే తుపాకీ చూపు పడిన చోటే పూత పడుతుంది. సన్నటి గొట్టం లోపలికి తుపాకీ ఎలా వెళ్తుంది? ద్రవం మాత్రం ఎక్కడికైనా వెళ్తుంది. అదీ క్రోమ్ తొట్టి చేసిన, మనం లెక్కరాయని ఇంకో పని. లేజర్‌తో పొర కరిగించి వేసే పద్ధతి జర్మనీలో ఆఖెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థ వాళ్ళు చాలా వేగవంతం చేశారు, హైడ్రాలిక్ సిలిండర్ల కడ్డీలకు బాగా కుదురుతోంది. అదీ బయటి వైపుకే.

గొట్టం లోపలి మాట వచ్చింది కాబట్టి ఒక కథ. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో ఏబ్నర్ బ్రెన్నర్, గ్రేస్ రిడెల్ అని ఇద్దరు. గొట్టం లోపల నికెల్, టంగ్‌స్టన్ మిశ్రమం పూయడానికి తంటాలు పడుతున్నారు. యానోడ్ దగ్గర ద్రావణంలోని సిట్రేట్ ఆక్సీకరణం చెంది పాడవుతోంది. దాన్ని ఆపుదామని సోడియం హైపోఫాస్ఫైట్ వేశారు. పూత బాగా పడింది. కానీ బరువు చూస్తే సామర్థ్యం నూరు శాతం దాటింది! ఫారడే లెక్కలో నూరు దాటడం అంటే ఏమిటి? చెరువులో పోసిన నీళ్ళకన్నా తోడిన నీళ్ళు ఎక్కువన్నమాట. మనమైతే ఏం చేసేవాళ్ళం? తక్కెడ చెడిందనేవాళ్ళం. వాళ్ళు గొట్టం బయటి వైపు చూశారు. కరెంటు అందని అక్కడ కూడా నికెల్ పడింది. కరెంటు లేకుండానే! అదీ ఎలక్ట్రోలెస్ నికెల్ పుట్టుక, 1946లో ప్రచురించారు. ఇవాళ కరెంటు అందని ప్రతి మూలకూ అదే దిక్కు. ఫాస్ఫరస్ పదిన్నర శాతం పైన ఉంటే అయస్కాంతానికి అంటదు. హార్డ్ డిస్కుల్లో అల్యూమినియం పళ్ళెం మీద ఆ పొరే వేస్తారు. 400 డిగ్రీల దగ్గర గంట కాలిస్తే నికెల్ ఫాస్ఫైడ్ ఏర్పడి హార్డ్ క్రోమ్ గట్టిదనానికి దగ్గరగా వస్తుంది.

ఆ ఎలక్ట్రోలెస్ నికెల్ తొట్టిలో కూడా ఒక దొంగ ఉన్నాడు. సీసం. లీటరుకు ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. అది లేకపోతే తొట్టిలోని ద్రావణం ఉన్నట్టుండి పాలలా విరిగిపోతుంది, నికెలంతా నల్లటి పొడిగా అడుగుకు దిగుతుంది. తగరంలోనూ సీసానిదే పెత్తనం. కొద్ది శాతం సీసం కలిపితే చాలు, తగరం పూత బుద్ధిగా ఉండేది. స్వచ్ఛమైన తగరం అలా కాదు. దానికి మీసాలు మొలుస్తాయి. నవ్వకండి, నిజంగానే మొలుస్తాయి. రాగి మీద పూసిన తగరంలో రెండూ కలిసి కొత్త సమ్మేళనం అవుతుంటే లోపల ఒత్తిడి పెరిగి, రెండు మూడు మైక్రాన్ల సన్నటి స్ఫటిక పోగులు మిల్లీమీటర్ల పొడవున బయటికొస్తాయి. పక్క తీగను తాకితే షార్టు. 1998లో గెలాక్సీ 4 ఉపగ్రహం పోయింది దాంతోనే అని తేల్చారు. అమెరికాలో కోట్ల పేజర్లు ఒక్కసారిగా మూగబోయాయి. 2006 జూలై 1 నుంచి యూరప్ ఎలక్ట్రానిక్స్‌లో సీసాన్ని తీసేసింది. తీసేసి మంచిపని చేసింది. నికెల్‌లో దాని బదులు బిస్మత్ లాంటివి వేశాం, తగరం కింద నికెల్ పొర వేయడం, పూశాక 150 డిగ్రీల దగ్గర కాల్చడం నేర్చుకున్నాం. సీసం ఒక్కటీ పోయినచోట పద్ధతులు మూడు పుట్టుకొచ్చాయి.

ఇక సైనైడ్. దీని గురించి ఎక్కువ చెప్పను, కానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను. కాడ్మియం బదులు వచ్చిన జింకు, నికెల్ మిశ్రమం ఉంది కదా, 12 నుంచి 15 శాతం నికెల్, ఆటోమొబైల్‌లో, విమానాల్లో దాని మీదే ఆశ. క్షార బాత్. సైనైడ్ వెయ్యం. గర్వంగా బోర్డు కూడా పెట్టుకుంటాం. నికెల్‌ను ద్రావణంలో నిలపడానికి అమీన్లు అనే నత్రజని సమ్మేళనాలు వేస్తాం. ఆ అమీన్లు నికెల్ యానోడ్ మీద ఆక్సీకరణం చెంది ఏమవుతాయో తెలుసా? సైనైడ్! చుక్క కూడా వెయ్యని తొట్టిలో సైనైడ్ పోగవుతుంది. మురుగునీటి పరీక్షలో బయటపడితే నిర్వాహకుడు ప్రమాణం చేసి చెబుతాడు, మేం కొననే లేదని. పాపం నిజమే చెబుతున్నాడు. యానోడ్‌ను పొర వెనక దాచేసి అమీన్ దాన్ని తాకకుండా చేయడమే ఇప్పటి మందు.

తీసేయడాల గురించే చెబుతున్నాను. కొత్తగా వేసిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1997లో ఐబీఎం వాళ్ళు చిప్పుల్లో అల్యూమినియం తీగలు మాని రాగి పెడతామన్నారు. ఎలా పెట్టారు? ప్లేటింగ్‌తో. మన కాపర్ సల్ఫేట్ తొట్టితో! మైక్రాన్ కన్నా సన్నటి కందకం నింపాలి. మామూలుగా అయితే మూతి దగ్గర ముందు మూసుకుపోయి లోపల బొక్క మిగలాలి. అలా కాకుండా అడుగు నుంచి పైకి నిండింది. పాలిథిలీన్ గ్లైకాల్ పూతను అణుస్తుంది, ఒక గంధకపు సమ్మేళనం త్వరపెడుతుంది. అడుగున మూల నిండుతూ ఉపరితలం కుంచించుకుపోతుంటే, అక్కడ అంటుకున్న త్వరపెట్టే అణువులు ఒత్తుగా చేరతాయి. ఒత్తుగా చేరితే వేగం ఇంకా పెరుగుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థలో మొఫాట్, జోసెల్ దీన్ని లెక్కకట్టి చూపించారు. ఆ మందులు ఎక్కడివి? బంపర్ల మెరుపు పొర కింద రాగిని నున్నగా మెరిపించడానికి మన పెద్దలు వాడినవాటి బంధువులే. అలంకారం వాళ్ళు దాచుకున్న డబ్బాలోంచే చిప్పు వచ్చింది.

ఆ మందు ఎక్కువైందా తక్కువైందా ఇవాళ్టికీ ఎలా చూస్తాం? చిప్పు ఫ్యాక్టరీలో పెద్ద యంత్రాలున్నాయి. మన దగ్గర హల్ సెల్. 267 మిల్లీలీటర్ల డబ్బా, ఏటవాలుగా ఒక రేకు. రెండు ఆంపియర్లు ఇస్తే రేకు ఒక కొసన చదరపు డెసిమీటరుకు పది ఆంపియర్లు, రెండో కొసన ఒకటికన్నా తక్కువ. తొట్టి జాతకం అంతా ఒక్క రేకు మీద. దగ్గరి కొస కాలి గరుకైతే ఒకటి, దూరపు కొస మసకబారితే ఇంకోటి. సెన్సార్లు, కెమెరాలు, కంప్యూటరు అంచనాలు వస్తున్నాయి, రానివ్వండి. రేకు మాత్రం వారానికొకసారి వేయండి.

అడగకుండానే ఇంకొక్కటి, ఎవరూ పత్రం రాయరు గనక. కడుగుడు నీళ్ళు. తొట్టిలోంచి గంటకు లీటరు ద్రావణం వస్తువులతో వచ్చేస్తోందనుకోండి. వెయ్యి రెట్లు పలచన కావాలి. ఒకే తొట్టిలో కడిగితే గంటకు వెయ్యి లీటర్లు. రెండు తొట్లు పెట్టి నీటిని ఎదురు దిశలో పారిస్తే? ముప్పై రెండు. మూడు తొట్లు పెడితే పది. వెయ్యి ఎక్కడ, పది ఎక్కడ! ఆ పది లీటర్లు వేడి తొట్టిలో ఆవిరైన నీళ్ళ బదులు మళ్ళీ తొట్టిలోకే పోసుకోవచ్చు, విషం కాలవలోకి పోనే పోదు. దీనికి పేటెంటు లేదు, అమ్మేవాడు లేడు. అందుకే మీకెవరూ చెప్పరు.

ప్రశ్నలుంటే అడగండి. ఈలోగా నా రేకులు... ఒకటే వచ్చింది. 'ఆ' ఎవరి దగ్గరుంది? వేలు పెట్టారా? పెట్టారు. ఫరవాలేదు, ఇటు ఇవ్వండి.